పదకొండు–నలభై ఒకటి

నేను తక్కువ మాట్లాడే మనిషిని. మా ఇంట్ల మాట్లాడే పని గ్రేసమ్మది, వినే పని నాది. ఇరవై ఆరేండ్లసంది ఎవరి పని వాళ్లం చేసుకుంటున్నం. కాని ఈ సంగతి మాత్రం నా నోటితోనే చెప్పాలె. గ్రేసమ్మ చెప్తే మీరు కడుపు పట్టుకొని నవ్వుతరు. నేను చెప్తే కూడా నవ్వుతరు, కాని మధ్యల ఎక్కడన్న ఒక్కసారి "పాపం అహరోను" అంటరని ఆశ.

తగాదా అంతా షెడ్డు కాడ మొదలైంది.

మా ఇంటి ముంగట గ్రేసమ్మ పిండి గిర్ని. నారాయణఖేడ్‌ల సగం ఇండ్ల రొట్టె ఆమె చేతి మీదుగనే పోతది. గిర్ని పక్కపొంటి రేకుల షెడ్డు. ఆ షెడ్డుల నా కారు.

కారంటే ఇప్పటి కార్ల లెక్క కాదు. ఎవరో పెద్ద ఆఫీసరు తిరిగిన పాత తెల్ల కారు. గుండ్రటి వీపు, ముంగట జెండా కట్టే పుల్ల. సర్కారోళ్లు వేలం వేస్తే తెచ్చుకున్న. దాని మర్యాద ఇంకా తగ్గలే. కల్హేర్ అంగడికి పోతే కూరగాయలోళ్లు లేచి నిలబడుతరు. సిర్గాపూర్ కాడ ఒక ముసలాయన బానెట్ మీద దరఖాస్తు పెట్టి, దండం పెట్టి, నా దిక్కు చూడకుండనే పోయిండు. అందుకే ఊరంతా దాన్ని 'సారు' అంటది. గ్రేసమ్మ కూడ అంటది గాని, ఆమె అనే తీరు వేరు.

"సారుకు స్నానం అయిందా? నీళ్లు మిగిలితే నువ్వు గూడ పోసుకో."

రెండేండ్ల కింద సారు పాత ఇంజను తీసి, బోల్తా పడ్డ ఒక వ్యానుది పెద్ద ఇంజను వేయించిన. రిటైరైన మనిషికి పడుచోని గుండె పెట్టినట్టు అయింది. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు వణుకుతయి. నేను గూడ వణుకుత. భయంతోని కాదు, భక్తితోని.

ఈ మాఘంల ఒక ఆదివారం చర్చి గుడికెల్లి వస్తుంటే గ్రేసమ్మ అన్నది: "షెడ్డు నాకియ్యి. కారం పట్టే మిషను పెడుత. ఊరోళ్లు మిరపకాయల మూటలు నెత్తిన పెట్టుకొని బీదరు దాక పోతున్నరు."

"మరి సారు ఎక్కడుంటడు?"

"రిటైరైనోళ్లు ఎక్కడుంటరు? చెట్టు కింద."

"ఎండకు రంగు పోతది."

"నా రంగు పోలేదా?"

దీనికి జవాబు ఉంటదని ఎవడన్న అనుకుంటున్నడంటే, వానికి ఇంకా పెండ్లి కాలేదన్నట్టు. నేను దారి మార్చిన.

"మిషను పెడుతవు సరే, దేంతోని నడుపుతవు? మన కరెంటుకు గిర్ని మోటరే ఎక్కువ. రెండో మోటరు తిప్పితే ఫీజు కొట్టి గల్లీ గల్లీ మన ఇంటి మీదికొస్తది."

"గది నేను చూస్కుంట. నీ సారు ఒక్కనాడన్న పనికొచ్చిండా, గది చెప్పు."

ఎట్ల వచ్చిందో తెల్వదు, నా నోట్లకెల్లి మాట వచ్చేసింది. తక్కువ మాట్లాడేటోళ్లకు గిదే కష్టం, వచ్చినప్పుడు పెద్దదే వస్తది. "నాగల్‌గిద్ద పందెంల సారు అందరికన్న ముందు గుట్ట ఎక్కుతడు. ఎక్కితే షెడ్డు సారుది, నువ్వు మళ్ల ఆ మాట ఎత్తొద్దు."

"ఎక్కకుంటే?"

"షెడ్డు నీది. సారును పాత ఇనుము కింద ఇచ్చేస్త."

"కొత్త సామాను తెచ్చుడు లేదు. ఉన్న సారే ఎక్కాలె. ఇంజను తెచ్చిన సాలు ఇంట్ల రాగి గుండిగ అమ్ముడుపోయింది, యాదుందా?"

ఉంది. ఒట్టు పెట్టుకోవద్దని పాస్టరు అదే పొద్దున వాక్యం చెప్పిండు గనుక ఒట్టు పెట్టుకోలే. రోడ్డు మీద చెయ్యి కలిపినం. చెయ్యి గట్టిగ పట్టింది గ్రేసమ్మ. అప్పుడు అర్థమైంది, సారు ప్రాణం మీదికి తెచ్చిన అని.

నాగల్‌గిద్ద పందెం మీకు తెలిసిందే. కందులు కోసినంక, కర్ణాటక సరిహద్దు కాడ పడావు పడ్డ రేగడి చేను ఒక కిలోమీటరు సాపుగ ఉంటది. దాని కొసకు గులకరాళ్ల మొరం గుట్ట, మీదికి ఒక్కటే వెడల్పు బాట. చేనంత ఉరికి, గుట్టెక్కి, పైన పాతిన జెండాను ముందు ముట్టుకున్నోడు గెలిచినట్టు. చేన్ల ఉరుకుడు కావాలె, గుట్ట మీద గుంజుడు కావాలె. రెండూ ఒక్క బండికి దొరకవు.

తెల్లారే అంబదాస్ కాడికి పోయిన. అంబదాస్ మెకానిక్. ఊర్ల వాని పేరు అర్ధగంట అంబదాస్. ఏ పనికన్న "అర్ధగంట" అంటడు. నా ఇంజను మార్చుడు గూడ అర్ధగంటే అన్నడు. మొదలుపెట్టినప్పుడు వానలు, అయినప్పుడు చలి.

"అహరోనన్నా, ఇంజను కాదు సంగతి. ఎనక ఉంటది సంగతి," అని, గుడ్డ మూట విప్పి రెండు గేర్లు ముందర పెట్టిండు.

నేను అట్లనే కూలవడ్డ. అంత అందమైన ఇనుము నేను చూడలే. పెద్దది పళ్లెమంత ఉన్నది, అంచుకు చుట్టూ పళ్లు, ప్రతి పన్ను ఒక దిక్కే వంగి, గాలికి వొంగిన జొన్న చేను లెక్క. దాన్ని క్రౌను అంటరట. చిన్నది పిడికెడు, దానికి గూడ పళ్లు. అది పినియను. ఇంజను తిరుగుడు ఒక పొడుగు కడ్డీ పట్టుకొని కారు కింద నుంచి ఎనకకు వస్తది. ఎనక చక్రాల నడుమ ఇనుప బుర్ర. బుర్రల గీ చిన్నది గా పెద్దదాన్ని తిప్పితే చక్రాలు తిరుగుతయి. ముప్పై ఏండ్లసంది బండ్ల మీద తిరుగుతున్న, నా కింద ఇంత పని జరుగుతుందని ఒక్కనాడు అనుకోలే.

"పళ్ల లెక్కతోనే పేరు," అన్నడు అంబదాస్. "ఎనిమిది–ముప్పై తొమ్మిది అంటే చిన్నదానికి ఎనిమిది, పెద్దదానికి ముప్పై తొమ్మిది. కడ్డీ ఐదు చుట్లకు కొంచెం తక్కువ తిరిగితే చక్రం ఒక్క చుట్టు. గుంజుతది, ఉరకదు. ఎద్దు. పదకొండు–నలభై ఒకటి అంటే కడ్డీ నాలుగు చుట్లు గూడ తిరగదు, చక్రం ఒక చుట్టు కొడ్తది. ఉరుకుతది, గుంజదు. గుర్రం."

"సారుకు ఏది ఉన్నది?"

"విప్పి చూడాలె. అర్ధగంట."

నాకు చలికాలం యాదికొచ్చింది. "విప్పకుండ తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? ఎనక లేపి, చక్రం ఒక చుట్టు తిప్పు. కడ్డీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. గంతే."

ఎనక లేపి అన్నడు. ఎనక అంటే ఒక చక్రమా, రెండు చక్రాలా, వాడు చెప్పలే. నేను అడగలే. మా ఇద్దర్ల ఒక్కడన్న మాటకారి అయ్యుంటే ఈ కథ ఇక్కడనే అయిపోతుండె.

ఇంట్ల జాకీలు రెండు. ఒకటి గిర్ని మోటరు కింద, అది కదలకుండ గ్రేసమ్మ పెట్టుకున్నది. దాన్ని ముట్టుకుంటే ఎందుకని అడుగుతది. అందుకని ఉన్న ఒక్క జాకీతోనే కుడి చక్రం లేపి, ఎడమదాన్ని భూమి మీదనే ఉంచి, సుద్దముక్కతోని చక్రం మీద ఒక గీత, కడ్డీ మీద ఒక గీత గీసి, కారు కింద ఎల్లకిల పండుకొని చక్రం తిప్పిన.

చక్రం ఒక్క చుట్టు తిరిగింది. కడ్డీ రెండు చుట్లు తిరిగి, ఇంకొక సగం తిరగబోయి ఆగింది.

మళ్ల తిప్పిన. అదే. మూడోసారి. అదే.

రెండున్నర! నాలుగంటేనే గుర్రమన్నడు, మరి రెండున్నర అంటే? గద్ద. ఆ ఆఫీసరు ఎవరో గాని ఏ దేశం నుంచి తెప్పించుకున్నడో. నా నెత్తి మీద, ఆ నల్లటి నూనె బుర్రల, మనుషులు చూడని వేగం ఇన్నేండ్లు పండుకొని ఉన్నదని తెలిసి నాకు ఒళ్లు జలదరించింది. పండుకున్నకాడనే చేతులు జోడించిన. మోకాటికి సైలెన్సరు తగిలింది.

మరి ఇంత వేగమున్న సారు అరవై మీద ఎందుకు పోడు, అరవై కాడనే ఎందుకు ఊళ పెడుతడు అని ఒక అనుమానం వచ్చింది. చేతిల లెక్క ఉన్నంక అనుమానం ఎందుకని దాన్ని పంపించేసిన.

"కారు కింద ఏం చేస్తున్నవ్ గ్లోరీ నాయినా?" గ్రేసమ్మ కాళ్లు కనబడ్డయి. గ్లోరీ మా బిడ్డ.

"గాలి చూస్తున్న."

"కడ్డీకి గూడ గాలి కొడుతరా?" సుద్ద గీత చూసింది. వొంగి అటు చక్రం చూసింది, ఇటు చక్రం చూసింది. "ఒక్కటే లేపినవా?"

"ఒక్కటి చాలదా?"

"ఊఁ," అని పోయింది. నాకు ఆ 'ఊఁ' మీద అనుమానం రాలే. ఆ దినం అనుమానాలన్నీ అప్పటికే పంపించేసి ఉంటి.

ఇప్పుడు నా ఉపాయం చూడుండ్రి. చేన్ల వేగానికి సారుకు తిరుగులేదు, ఉన్నది గద్ద. గుట్ట మీదనే గుంజుడు చాలదు. రెండున్నర కన్న పెద్ద లెక్కది కావాలె, మరీ ఎద్దు కావద్దు. అంటే పదకొండు–నలభై ఒకటి! దానికి నాలుగుకు దగ్గర. గద్దను దించి గుర్రం చేస్తే, చేన్ల ఉరుకుతది, గుట్ట మీద గుంజుతది. నాకు నేనే నమ్మలేకపోయిన. బడిల ఏడో తరగతి దాటని బుర్రకు ఇంత లెక్క ఎట్ల వచ్చిందా అని దేవుని స్తుతించిన.

కొత్త సామాను తేవద్దని మాటైంది గదా. అందుకే గ్రేసమ్మకు తెల్వకుండ జహీరాబాదు పాత సామాన్ల కాడికి పోవాలె.

"పెద్దనాయిన కొడుకుకు సుస్తైంది. జహీరాబాదు పోయొస్త."

"ఏ దవాఖాన?"

"పెద్ద దవాఖాన."

"ఏం సుస్తి?"

"గుండె."

"గుండెల ఎక్కడ?"

"...ఎనక దిక్కు."

గ్రేసమ్మ లోపటికి పోయి పేషెంటుకని నాలుగు జొన్నరొట్టెలు, పప్పు కట్టిచ్చింది. బస్సుల పేషెంటు కోసం నేనే తిన్న.

పదకొండు–నలభై ఒకటి దొరికింది. సాయంత్రం తెచ్చి ఎక్కడ దాచాలె? ఇల్లంత గ్రేసమ్మది. గిర్నిల మూలకు మా జొన్నల సంచి ఉంటది. క్రౌనును అడుగుకు దోపి, పినియను పైన పెట్టి, జొన్నలు కప్పిన. గింజలల్ల గేరు వెతికేటోడు ఈ దునియాల లేడు.

వెతికేటోళ్లు లేరు గాని, పోసేటోళ్లు ఉన్నరు.

తెల్లారి లీలమ్మక్క వచ్చింది. మా గల్లీ మనిషే. ముందు దినం సంచి పెట్టిపోయింది, నా సంచి పక్కనే. రెండూ ఒక్క తీరు తెల్ల సంచులు. గ్రేసమ్మ మోటరు వేసింది, సంచి ఎత్తింది, గిర్ని మీది డబ్బాల కుమ్మరించుడు మొదలువెట్టింది. నేను ఎదురుంగ చాయ తాగుతున్న. సంచి మూతికి నేను కట్టిన ముడి చూసి, లేవాల్నని అనుకున్న. కాళ్లు అనుకోలే.

గరగరగర... ఖణేల్!

ఆ చప్పుడు ఇంకా పూర్తిగ పుట్టలే, గ్రేసమ్మ చెయ్యి మీట మీద ఉంది. మోటరు బందైంది. నిజం చెప్తున్న, నేను మెరుపు చూసిన, పాము కాటు చూసిన, ఆ చెయ్యంత జల్దీ ఏదీ చూడలే. గిర్ని రాయికి గీత పడలే. గింజల్లకు చెయ్యి పెట్టి పినియను బయటికి తీసింది.

"లీలక్కా, నీ జొన్నలకు పళ్లొచ్చినయి."

"నావి కావమ్మా! నేను చెరిగి తెచ్చిన!" లీలమ్మక్క గోడకు ఒరిగింది.

గ్రేసమ్మ పినియను తిప్పుకుంట వేలితోని లెక్కపెట్టింది. "పదకొండు." సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి క్రౌను తీసింది. దాన్ని గూడ మొత్తం లెక్కపెట్టింది, మధ్యల తప్పిపోకుండ. "నలభై ఒకటి." అప్పుడు నా దిక్కు తిరిగింది. నేను గోడకున్న వాక్యాల క్యాలెండరు చదువుతున్న. దాచినవి బయటపడుడు గురించే ఉండాల్నా ఆ దినం వాక్యం?

"పేషెంటు బాగున్నడా?"

"బాగున్నడు."

"గిదేనా గుండె?"

లీలమ్మక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. ఇగ దాచుడు కాదని మొత్తం చెప్పిన: రెండున్నర, గద్ద, గుర్రం, గుట్ట. గ్రేసమ్మ పినియను అరచేతిల తిప్పుకుంట విన్నది. అయిపోయినంక గిర్ని మోటరు కాడికి తీసుకపోయింది.

"గీ పుల్లీలు చూడు. మోటరు మీద చిన్నది వేస్తే రాయి మెల్లగ తిరుగుతది, ఎంత పోసినా నిలబడదు. పెద్దది వేస్తే ఉరుకుతది, పిడికెడు శెనగలకే మొండికేస్తది. చిన్నదాని ఏడుపు ఎట్లుంటదో, పెద్దదాని ఏడుపు ఎట్లుంటదో ఇరవై ఏండ్లసంది వింటున్న. నీ సారుది చిన్నదాని ఏడుపు. దానికి గుంజుడు తక్కువ లేదు. గీ పదకొండుది వేసినవంటే గుట్ట నడుమల కూసుంటది."

"గిర్ని వేరు, కారు వేరు."

"తిరిగేదంత ఒక్కటే."

"లెక్క నేను పెట్టిన గ్రేసమ్మా. మూడుసార్లు పెట్టిన. సుద్ద గీత అబద్ధమాడదు."

గ్రేసమ్మ పుల్లీ మీది పిండి తుడిచింది. తర్వాత అన్నది: "సరే."

పెండ్లైనసంది ఆమె 'సరే' అన్నది చాన తక్కువ. ఒకసారి బావిల మోటరు నేనే దింపుత అంటే సరే అన్నది, అది ఇప్పటికీ బావిలనే ఉన్నది. కాని ఈసారి ఆమె ఇంకా ఒక మాట గూడ అన్నది.

"తెచ్చినవు గదా, వేయించుకో. నువ్వు మొయ్యకు, నడుము పట్టుకుంటది. నేనే అంబదాస్ ఇంటికి పిండితోని పంపిస్త."

నేను కరిగిపోయిన. మాట తప్పినోణ్ని కోపం చెయ్యకుండ, పైనుంచి నా నడుము గురించి ఆలోచించే ఆడది ఎవరికి దొరుకుతది?

మర్నాడు కారును అంబదాస్ షెడ్డుల విడిచిన. "ఎంతసేపు?"

"అర్ధగంట."

చాయ తాగి, గడ్డం గీయించుకొని వచ్చిన. అయిపోయింది! అంబదాస్ కారు పక్కన కూసొని ఉన్నడు, చేతులు తుడుచుకుంట. నిజంగ అర్ధగంటే! వాని జన్మల మొదటిసారి. ఊరోళ్లను పిలిచి చూపెట్టాల్ననిపించింది. అనుమానపడాల్సిన చోట నేను మళ్ల ఆశ్చర్యపడ్డ.

"అన్నా, పందెం దాక పెద్దగ తొక్కకు. లోపట గేరు..." అని వాడు గోడ దిక్కు చూసుకుంట దగ్గిండు, "...కుదురుకోవాలె."

ఇంటికొస్తుంటే సారు ఎప్పటి తీరుగనే ఊళ పెట్టిండు. కుదురుకుంటడని సముదాయించుకున్న.

పందెం దినం గ్రేసమ్మ రాలే. "గిర్నిల పనున్నది. పోయిరా. ప్రార్థన చేస్త," అన్నది. ఎవరి కోసం చేస్తదో చెప్పలే.

చేను నిండ జనం. ఇటు మనోళ్లు, అటు కర్ణాటకోళ్లు. సారు దిగంగనే అలవాటుకు ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డరు. పక్కన మధు బండి. మధుకు ఎరువుల దుకాణం, నల్ల జీపు, మనిషంత టైర్లు.

"కాకా, దరఖాస్తులు తీసుకుంటున్నరా?" అన్నడు మధు. అందరు నవ్విండ్రు. నేను అద్దం ఎత్తుకున్న. మనసుల పదకొండు–నలభై ఒకటి అనుకున్న, మంత్రం లెక్క.

జెండా ఊపిండ్రు. మధు పోయిండు. పోయిండంటే మామూలుగ పోలే, దుమ్ము మిగిలింది గంతే. నేను కాలు నేలకానే దాక తొక్కిన. సారు ఊళ పెట్టిండు. ఆ ఊళకు పక్క చేన్ల కొంగలు లేచిపోయినయి. అరవై. అరవై ఒకటి. ఇగ కదలడు. గద్ద ఏది? గుర్రమేది? రెండు జీపులు, ఒక పాత కారు నన్ను దాటినయి. ఒక కర్ణాటకాయన మోటరు సైకిలు మీద పక్కపొంటి వచ్చి, లోపటికి తొంగిచూసి, జాలిగ తల ఊపి ముందుకు పోయిండు.

షెడ్డు కనబడ్డది నాకు. సారు కనబడ్డడు, పాత ఇనుము కాడ, బానెట్ తెరుచుకొని.

గుట్ట వచ్చింది.

ఆడ చూసిన సంగతి నేను ఎన్నేండ్లు బతికినా మరువ. దాటిపోయిన బండ్లన్నీ మొరం మీద ఒక్కొక్కటి మెత్తపడ్డయి. ఒకటి ఎనకకు జారింది. ఒకటి అడ్డం తిరిగింది. మధు జీపు నడుమల నిలబడి, మనిషంత టైర్లు ఉన్నకాడనే తిరుగుకుంట, కాలిన వాసన గుట్టంత నింపింది. సారు మాత్రం ఊళ ఆపిండు. ఆపి, గొంతు దించి, నిండుగ గుర్రుమన్నడు. నేల పట్టుకున్నడు. నేను తొక్కిన కొద్ది ఎక్కుతడు. రాళ్లు కింద నలుగుతున్నయి, స్టీరింగు నా చేతులల్ల బతికున్న జీవం లెక్క కొట్టుకుంటుంది, ముంగట ఆకాశం తప్ప ఏం కనబడుతలేదు. ఇంత బలం ఆ పిడికెడు పళ్ల గేరుల ఎట్ల పట్టింది దేవా అనుకున్న. కండ్లల్ల నీళ్లు. మొరం దుమ్మని తర్వాత చెప్పిన.

మధు పక్కనుంచి పోతుంటే వాడు నోరు తెరిచి చూస్తుండు. నేను అద్దం దించి ఏమనలే. చెయ్యి మాత్రం ఎత్తిన, దరఖాస్తు అందిందన్నట్టు.

పైన "బంతు బంతు!" అని కన్నడంల ఒకటే కేకలు, వచ్చింది వచ్చింది అని. దిగి జెండా ముట్టుకున్న. కింద చూస్తే చేనంత చాప లెక్క, మనుషులు నువ్వుగింజలు. షెడ్డు మిగిలింది. సారు బతికిండు.

అప్పుడు, తక్కువ మాట్లాడే నేను, పావుగంట మాట్లాడిన. పినియను, క్రౌను, గద్ద, గుర్రం. సుద్ద గీత సంగతి చెప్తుంటే అందరు దగ్గరికి జరిగి విన్నరు. మధు ఫోను తీసిండు. "కాకా, నెంబరు మళ్లొకసారి చెప్పు."

"పదకొండు–నలభై ఒకటి. రాస్కో. గిర్ని వేరు, కారు వేరు."

పొద్దు గూకకముందే ఇల్లు చేరిన. హారను కొట్టుకుంట గల్లీలకు వచ్చిన. గ్రేసమ్మ షెడ్డు ముంగట నిలబడ్డది.

"ఎక్కిండా?"

"అందరికన్న ముందు."

"మరి షెడ్డు సారుదే. మాటంటే మాట. లోపట పెట్టు."

ఇంత సులువుగ ఒప్పుకుంటదని నేను అనుకోలే. ఎనకకు తీసిన. "ఇంకా రా... ఇంకా... చాలు." దిగి చూసిన. షెడ్డు ఎనక గోడకు ఒక మిషను, కొత్తది, ఎర్ర రంగు. కారం మిషను. దాని పక్కన అంబదాస్, చేతుల జాకీ.

"ఇదేంది?"

"షెడ్డు సారుదే అన్న గదా. మిషను ఉండొద్దని నువ్వు అనలే." గ్రేసమ్మ కొంగుతోని మొఖం తుడుచుకున్నది. "గాని చెప్పు, ఏ గేరుతోని ఎక్కినవు?"

"పదకొండు–నలభై ఒకటి!"

ఆమె వంటింట్లకు పోయి, మామిడికాయ తొక్కు జాడి ఎత్తుకొని వచ్చింది. జాడి మూత మీద బరువుకు ఒక ఇనుప పళ్లెం. చుట్టూ పళ్లు, ఒక దిక్కే వంగి. నడుమ తూటుల పినియను.

నేను అంబదాస్ దిక్కు చూసిన. అంబదాస్ నేల దిక్కు చూసిండు.

"నేనేం చేస్తనన్నా? మా అమ్మ జొన్నలు అక్క కాడనే పట్టుకోవాలె. బుర్ర మూత విప్పిన, పళ్లు లెక్కపెట్టిన, మళ్ల మూత పెట్టిన. అర్ధగంట. సారుకు ఎప్పటిదే ఎనిమిది–ముప్పై తొమ్మిది."

"మరి నా రెండున్నర?"

"నువ్వు పేషెంటును చూడ పోయిన దినం," అన్నది గ్రేసమ్మ, "నేను, లీలక్క కలిసి గిర్ని జాకీ గూడ తెచ్చి రెండు చక్రాలు లేపినం. రెండూ ఒక్క తీరుగ తిప్పినం. కడ్డీ ఐదుకు కొంచెం తక్కువ తిరిగింది. నువ్వు ఒక్కటే లేపినవు. ఒక చక్రం నేల మీద కదలకుంట కూసుంటే, దాని వంతు తిరుగుడు గూడ లేచినదానికే వస్తది. సగం కడ్డీకే ఒక చుట్టు కొడ్తది."

నేను అర్థం కానట్టు చూసిన.

"మన ఇంటి లెక్కనే గ్లోరీ నాయినా. ఒకరు కూసుంటే ఇంకొకరు రెండింతలు తిరగాలె."

అంబదాస్‌కు మళ్ల దగ్గొచ్చింది.

"అయితే నా లెక్క తప్పా?"

"తప్పెందుకైతది? మంచి లెక్క. పందానికి రాదు గాని మిరపకాయకు వస్తది." ఆమె కన్ను సైగ చేసింది. అంబదాస్ సారు కుడి చక్రం కింద జాకీ పెట్టి లేపిండు, ముంగటి చక్రాలకు రాళ్లు పెట్టిండు, టైరు విప్పి దాని జాగల పాత రిమ్ముతోని చేసిన పుల్లీ బిగించిండు. పుల్లీ నుంచి మిషనుకు బెల్టు. అన్నీ కొలత చేసినట్టు సరిపోయినయి. కొలత చేసినట్టేంది, నేను పందెం గురించి కలలు కంటున్నప్పుడే చేసి పెట్టిండ్రు. "రెండూ లేపితే మిషను మెల్లగ తిరిగి కారం నలగదు. ఒక్కటే లేపితే సరిగ్గ కావాల్సినంత. నీ సుద్ద గీత చూసినప్పుడే నాకు దొరికింది. కరెంటు ఎందుకు ఇగ?"

నాకు కోపం రావాలె. రాలే. ఆ కారు కింద నేను మూడుసార్లు పండుకొని చూసినదాన్ని, ఆమె నిలబడి ఒక్క చూపుల చూసింది. గుట్ట కాడ సారును చూసి ఎట్ల నిలబడ్డనో, ఈడ గ్రేసమ్మను చూసి అట్లనే నిలబడ్డ.

"మరి మొదలే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. గిర్ని వేరు, కారు వేరు అన్నవు."

నాలుగు దినాలకు మధు ఫోను. "కాకా, పదకొండు–నలభై ఒకటి వేయించిన. ఇప్పుడు జీపు మా దుకాణం ముందటి మెట్టు గూడ ఎక్కుతలేదు. ఏంది సంగతి?"

నేను ఫోను గ్రేసమ్మకు ఇచ్చిన. "మధూ, రేపు మీ ఇంటి మిరపకాయలన్ని పట్టుకొని రా బిడ్డా. కారం పట్టుకుంట చెప్త," అన్నది. వచ్చిండు. రెండు మూటలు తెచ్చిండు.

ఇప్పుడు ఊరు ఊరంత మా కాడనే కారం పట్టుకుంటది. ముసలోళ్లు మూట దించి, సారుకు దండం పెట్టి, తర్వాత వరుసల నిలబడుతరు. నా జాగ సీటు మీద. మూతికి తడి గుడ్డ కట్టుకొని, కాలు ఒక్క తీరుగ ఆనిచ్చి కూసోవాలె. గ్రేసమ్మ ఎనక నుంచి "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం, "చాలు" అంటే చాలు. తుమ్మొస్తే కాలు అదరొద్దు, కారం ముతకగ పడుతది.

మీటరు మాత్రం తిరుగుతనే ఉన్నది. నిన్నటికి పన్నెండు వందల కిలోమీటర్లు నడిపిన. షెడ్డు ఇంకా దాటలే.